హెల్త్ కార్డు రద్దు చేస్తే పెద్దాసుపత్రి బాగుపడుతుందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు, ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్‌ఎంలు తమకు జబ్బు చేస్తే ప్రభుత్వ ఖర్చుతో విశాఖ కార్పొరేట్ ఆసుపత్రులకు పోతున్నారని, తాము చేసే వైద్యం మీద తమకే నమ్మకం లేదని, అందుకే వైద్య ఆరోగ్య శాఖ వాళ్ల హెల్త్ కార్డులు రద్దు చేసి అందరినీ సర్కారు ఆసుపత్రికే పంపాలని ఆయన రాశారు. నేను విజయనగరం జిల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా చేసి రిటైర్ అయినవాణ్ణి. ఆ కార్డు నాకూ ఉంది, దాని మీదే మా ఆవిడకి ఆపరేషన్ కూడా అయింది, కాబట్టి నేనేదో తటస్థుణ్ణని అనుకోకండి. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆయన చెప్పిన పరిష్కారంతోనే నాకు పేచీ.

ఈ కార్డు సంగతి తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. ఉద్యోగుల ఆరోగ్య పథకం, అందరూ ఈహెచ్‌ఎస్ అంటారు, 2013 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. అంతకుముందు 1972 నాటి వైద్య నిబంధనల ప్రకారం ముందు మన జేబులోంచి కట్టి, తర్వాత బిల్లులు పెట్టుకుని, ఆ ఫైలు ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ తిరిగేవాళ్లం. కార్డు వచ్చాక నగదు లేకుండా వైద్యం అన్నారు. ఇది ఉచితమేం కాదు, నెలనెలా జీతంలోంచి, మాలాంటి వాళ్లకైతే పెన్షన్‌లోంచి కోస్తారు, మొదట్లో ఉద్యోగి స్థాయిని బట్టి 90, 120 రూపాయలు ఉండేది, తర్వాత మన రాష్ట్రంలో 225, 300 అయింది, ప్రభుత్వం తన వాటా వేస్తుంది. నడిపేది ఆరోగ్యశ్రీ ట్రస్టే, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు అంటున్నారు. అంటే తెల్లకార్డు కూలీ ఆపరేషన్ బిల్లూ, నా బిల్లూ ఒకే ఆఫీసులో పాస్ అవుతాయి. తేడా పడుకునే చోట వస్తుంది. ఆయనకి జనరల్ వార్డు, మాకు జీతాన్ని బట్టి సెమీ ప్రైవేటో ప్రైవేటో గది.

అదీ ఆసుపత్రి వాళ్లు చేర్చుకుంటేనే అనుకోండి. కార్డు చూపించగానే "బెడ్లు ఖాళీ లేవు సార్, డబ్బు కట్టేయండి, తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకోండి" అనే మాట విననివాళ్లు మా పెన్షనర్ల సంఘంలో తక్కువ. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేయడం కూడా మనం చూస్తూనే ఉన్నాం, 2025 అక్టోబరులో కూడా ఆపారు. కాబట్టి ఆ ఉత్తరం రాసినాయన ఊహించుకున్నంత రాజభోగం ఏమీ లేదు ఇక్కడ.

ఇంకో సంగతి. ప్రభుత్వం డబ్బు కట్టి జనాన్ని ప్రైవేటు ఆసుపత్రికి పంపడం ఉద్యోగుల కోసం పుట్టిన పద్ధతి కాదు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదటి విడత మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి, మిగతా రెండు అనంతపురం, మహబూబ్‌నగర్. అప్పటి నుంచి గుండె ఆపరేషన్‌కి, కేన్సర్‌కి మన పల్లెల జనం సర్కారు ఖర్చుతోనే ప్రైవేటుకు పోతున్నారు. వాళ్లని ఎవరూ సిగ్గులేదా అని అడగడం లేదు, అడగకూడదు కూడా. మరి నర్సు పోతే ఎందుకు అడుగుతున్నాం? దానికి ఒక కారణం ఉంది, నేనే చెప్తాను.

ఏఎన్‌ఎం పని చూడండి. ఊళ్లో గర్భిణుల పేర్లు రాసుకోవాలి, రక్తపరీక్షలు చేయించాలి, కాన్పు సర్కారు ఆసుపత్రిలోనే చేయించుకోండమ్మా అని ఇంటింటికీ చెప్పాలి, ఎంతమంది ప్రైవేటుకు పోయారో పైఅధికారి సమీక్షలో లెక్క అడుగుతాడు. అదే ఏఎన్‌ఎం కూతురికో కోడలికో నెలలు నిండితే పట్నంలో నర్సింగ్ హోంకు తీసుకెళ్తుంది. ఊళ్లో తెలియకుండా ఉంటుందా? నేను పనిచేసిన చోట ఒక ముసలావిడ మందుల కిటికీ దగ్గర నిలబడి అడిగేసింది, "మీ ఆసుపత్రికి మీరే రారు కదా బాబూ, మమ్మల్నెందుకు రమ్మంటన్నారు?" అని. పక్కనున్న సిస్టర్ ఏదో సర్ది చెప్పబోయింది కానీ ఆ ముసలావిడ వినిపించుకుంటేనా. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఈ విషయం మీద ఎవరూ మాట్లాడలేరు.

2017లో భూపాలపల్లి కలెక్టర్ తన కూతురికి ములుగు సర్కారు ఆసుపత్రిలో కాన్పు చేయించారు. 2021లో ఖమ్మం అదనపు కలెక్టరుగా ఉన్నావిడ అక్కడి సర్కారు ఆసుపత్రిలోనే బిడ్డని కన్నారు. రెండూ అన్ని పేపర్లలో వచ్చాయి. మంచి పనే, నేను చప్పట్లు కొట్టినవాణ్ణే. కానీ కలెక్టరమ్మ వస్తుందంటే ఆ వార్డులో దుప్పటి దగ్గర్నుంచి డ్యూటీ డాక్టరు దాకా ఎలా ఉంటారో, మామూలు రోజున ఎలా ఉంటారో లోపల పనిచేసినవాళ్లకి తెలుసు. పెద్ద ఉద్యోగి రోగిగా వచ్చినంత మాత్రాన ఆసుపత్రి మారదు, ఆ ఒక్క మంచం మారుతుంది.

అందుకే అందరినీ బలవంతంగా సర్కారు ఆసుపత్రికే పంపాలి అనే ఆలోచన నాకు ఎక్కదు. 2018లో అలహాబాద్ హైకోర్టు అలాంటి ఆదేశమే ఇచ్చింది, ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు, వాళ్ల కుటుంబాలు సర్కారు ఆసుపత్రుల్లోనే వైద్యం చేయించుకోవాలని, ప్రైవేటుకు పోతే ప్రభుత్వం డబ్బు ఇవ్వకూడదని. వినడానికి బాగుంటుంది. మన దగ్గర రేపు అమలు చేశారనుకోండి, ఏం జరుగుతుంది? సర్కారు ఆసుపత్రిలో పనిచేసే మనిషి ఓపీ చీటీ తీసుకుని వరుసలో నిలబడడు. ఇప్పుడే నిలబడడు. చిన్న జ్వరం వచ్చినా నేరుగా డాక్టరు గారి గదిలోకి వెళ్తాడు, ల్యాబ్‌లో తెలిసినవాడికి రక్తం ఇస్తాడు, ఫలితం ఫోన్‌కి వచ్చేస్తుంది. ఇక వేల మంది సిబ్బంది, వాళ్ల భార్యాబిడ్డలు, అత్తమామలు అందరూ శ్రీకాకుళం రిమ్స్‌లో, విజయనగరం పెద్దాసుపత్రిలో, కాన్పుల ఘోషాసుపత్రిలో మంచాలకి దిగితే ఆ వరుసలో ఎవరు వెనక్కి పోతారు? సాలూరు కొండల మీద నుంచి డోలీలో దింపి, అక్కడి నుంచి 108లో తెచ్చిన మనిషి. ఐసీయూలో ఒక్క మంచం ఖాళీ ఉంటే అది ఎవరికి దక్కుతుందో నేను చెప్పక్కర్లేదు. సిబ్బంది కార్డు పట్టుకుని బయటికి పోతే కనీసం ఆ మంచం మిగులుతుంది. ఇది ఎవరికీ గొప్పగా చెప్పుకోదగ్గ వాదన కాదని తెలుసు, కానీ నిజం.

సిబ్బంది ఎందుకు పోతారన్నది కూడా ఆ ఉత్తరంలో లేదు. నమ్మకం లేక అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కొన్ని వైద్యాలు మన జిల్లాల్లో దొరక్క పోతారు, అది అందరికీ తెలిసిందే, అందుకే పార్వతీపురం నుంచైనా పలాస నుంచైనా విశాఖలోని పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌కి రిఫర్ అన్న మాట వినగానే గుండె జారుతుంది, ఇచ్ఛాపురం వాళ్లు విశాఖ కంటే ఒడిశాలోని బరంపురం దగ్గరని అటు పోతారు. అది పక్కన పెట్టండి. ఎవరూ బయటికి చెప్పని కారణం ఒకటుంది. పనిచేసే చోటే రోగిగా పడుకోవడం చాలా కష్టం. ఒక స్టాఫ్ నర్సుకి గర్భసంచి సమస్య వచ్చిందనుకోండి, రోజూ తనతో టీ తాగే డాక్టరు ముందు, తను కేకలేసే వార్డు బాయ్ ముందు ఆ బల్ల మీద పడుకోవాలి. కేస్ షీట్ నర్సుల టేబుల్ మీద ఉంటుంది, ఎవరైనా తిరగేయొచ్చు. టీబీ అని తేలితే? డిప్రెషన్‌కి మందులు వాడుతుంటే? పెళ్లికాని ల్యాబ్ అమ్మాయికి ఏదైనా అయితే? సాయంత్రానికి ఆసుపత్రంతా, రాత్రికి ఊరంతా తెలిసిపోతుంది. బయటి రోగికి గోప్యత అని మనం ఏది చెప్తామో అది సిబ్బందికి సొంత ఆసుపత్రిలో దొరకదు. నాతో పనిచేసిన ఒకావిడ ఈ భయంతోనే జబ్బు ముదిరేదాకా ఎవరికీ చూపించుకోలేదు. ఆ కార్డుతో ఊరు దాటి వెళ్లి చూపించుకునే వీలు ఆమెకి ఉండడం నాకు తప్పనిపించదు. పైగా టీబీ వార్డులో పనిచేసి టీబీ, సూది గుచ్చుకుని హెపటైటిస్ బి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు, ఆ జబ్బు ఉద్యోగం ఇచ్చిందే, దాని ఖర్చు యజమాని పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కార్డు తీసేస్తే సిబ్బంది ప్రైవేటుకు పోవడం ఆగుతుందనుకుంటున్నారా? ఆగదు. వేరే దారిన పోతారు. ఆ దారి ఏంటో ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ప్రైవేటు ఆసుపత్రులకి రోగుల్ని రప్పించే పీఆర్‌ఓలు మోటార్ సైకిల్ మీద వస్తారు, డైరీలు, స్వీట్ బాక్సులు ఇస్తారు, "సార్, మీ ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా ఒక్క ఫోన్ కొట్టండి, మేం చూసుకుంటాం" అంటారు. చూసుకుంటారు కూడా. స్కానింగ్ ఫ్రీ, ఓపీ ఫ్రీ, ఆపరేషన్‌లో సగం తగ్గింపు. దానికి రసీదు ఉండదు, బాకీ మాత్రం ఉంటుంది. ఆ బాకీ తీర్చేది ఎవరు? రేపు ఆ ఆరోగ్య కేంద్రానికి వచ్చే రోగి. "ఇక్కడ అయ్యేది కాదమ్మా, ఫలానా ఆసుపత్రికి పట్టుకెళ్లండి, నేను ఫోన్ చేసి చెప్తా" అన్న ఒక్క మాటతో బాకీ తీరిపోతుంది. రోగిని పంపినందుకు కమీషన్ తీసుకోవడం తప్పని డాక్టర్లకి 2002 నాటి వైద్యమండలి నియమావళి స్పష్టంగా చెప్పింది. కానీ ఫ్రీగా జరిగిన సొంత వైద్యాన్ని కమీషన్ అని ఎవరూ అనుకోరు, తీసుకునేవాడు కూడా అనుకోడు, అదే ఇందులో ప్రమాదం. ఆ నియమావళి డాక్టర్లకే గానీ మాలాంటి ఫార్మసిస్టులకి, ఏఎన్‌ఎంలకి, అంబులెన్స్ డ్రైవర్లకి వర్తించదు కూడా.

కార్డు మీద పోతే ఆ బాకీ లేదు. నా జీతంలో కోసిన డబ్బు, నా యజమాని వేసిన డబ్బు, ఆ ఆసుపత్రికి నేను ఎవరికీ ఏమీ కాను. అక్కడ వైద్యం బాగా లేకపోతే ఫిర్యాదు చేయగలను, రోగి అడిగితే అక్కడికి వెళ్లొద్దని ధైర్యంగా చెప్పగలను. యజమాని ఖర్చుతో ప్రైవేటు వైద్యం నైతికమా కాదా అని అడిగితే నా జవాబు ఇదే, ప్రైవేటువాడి ఖర్చుతో ప్రైవేటు వైద్యం కంటే వెయ్యి రెట్లు నయం. కార్డు ఎంత బాగా పనిచేస్తే పీఆర్‌ఓకి ఫోన్ చేసే అవసరం అంత తగ్గుతుంది. కార్డు చూపించినప్పుడు బెడ్లు లేవంటారే, ఆ రోజే సిబ్బంది పీఆర్‌ఓ నంబరు వెతుక్కునేది.

మరి తప్పెక్కడుంది? నాకు రెండు చోట్ల కనిపిస్తోంది.

మొదటిది వార్డులోనే ఉంది. ఒకే రోగికి సెలైన్ పెట్టే రెగ్యులర్ నర్సుకి ప్రైవేటు గది కార్డు ఉంది. రక్తం అంటిన దూదీ, వాడేసిన సూదులూ ఎత్తే ఔట్‌సోర్సింగ్ అమ్మకి అది లేదు, జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్‌ఐ వైద్య బీమా ఉండాలి, కాంట్రాక్టరు సరిగ్గా కడితే. ఆశా వర్కరుకి అదీ లేదు. పదివేల గౌరవ వేతనం, పేరు కార్యకర్త, అందుకని ఉద్యోగుల పథకంలోకి రాదు, ఊళ్లో మిగతా పేదవాళ్లతో పాటు వైద్య సేవ కార్డే దిక్కు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కేంద్రం వైద్య సిబ్బందికి 50 లక్షల బీమా ప్రకటిస్తే అందులో ఆశాలనీ చేర్చారు. చనిపోతే వైద్య సిబ్బంది అట, జ్వరమొస్తే కాదట! ఆ ఉత్తరం రాసినాయన ఈ మాట రాసి ఉంటే నేను కింద సంతకం పెట్టేవాణ్ణి. మా సంఘాలు కూడా జీతాల సవరణ (పీఆర్సీ) గురించి, కరువు భత్యం (డీఏ) బకాయిల గురించి అరిచినంత గట్టిగా దీని గురించి ఎప్పుడూ అరవలేదు. సూది గుచ్చుకునే అవకాశం ఎవరికి ఎక్కువో వాళ్లకి రక్షణ తక్కువ ఉండడాన్ని ఏ పద్ధతిలో సమర్థించుకుంటామో నాకైతే తెలియదు.

రెండోది, మా శాఖ బిల్లు కడుతుంది గానీ ఆ బిల్లు చదవదు. ఆలోచించండి. వైద్య ఆరోగ్య శాఖలో పనిచేసేవాళ్లకి సర్కారు ఆసుపత్రి లోపల ఏం జరుగుతుందో అందరికంటే బాగా తెలుసు. ఏ విభాగంలో డాక్టరు ఉంటాడు, ఏ యంత్రం మూలన పడింది, రాత్రి పూట మత్తు డాక్టరు వస్తాడా రాడా, అన్నీ. అలాంటి వాళ్లు ఏ జబ్బుకి లోపల చూపించుకుంటున్నారు, ఏ జబ్బుకి బయటికి పోతున్నారు అన్న లెక్క కంటే నిజమైన తనిఖీ నివేదిక ఇంకేముంటుంది? ఆ లెక్క ట్రస్టు కంప్యూటర్లలోనే ఉంటుంది. జబ్బు, ఆసుపత్రి, కట్టిన మొత్తం లేకుండా క్లెయిమ్ పాస్ కాదు, కార్డుదారుడు ఏ శాఖవాడో, ఏ జిల్లావాడో చూడడం పెద్ద పని కాదు. పేర్లు అక్కర్లేదు. ఆరోగ్య కేంద్రం స్థాయిలో వద్దు, అక్కడ ఇద్దరు ముగ్గురే ఉంటారు కాబట్టి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది, నేను పైన చెప్పిన గోప్యత మళ్లీ మంటగలుస్తుంది. జిల్లా స్థాయిలో ఆరు నెలలకోసారి వేస్తే చాలు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల వైద్య శాఖ సిబ్బంది, కుటుంబాలు కార్డు మీద ఏ ఏ వైద్యానికి ప్రైవేటుకు వెళ్లారు, ఎంతమంది, ఎంత ఖర్చు.

ఆ పట్టికలో మెదడు ఆపరేషన్లు, గుండె ఆపరేషన్లు కనిపిస్తే అది సిబ్బంది తప్పు కాదు, ప్రభుత్వాన్ని ఆ డాక్టర్లనీ, ఆ సదుపాయాన్నీ అడగాలి. శ్రీకాకుళంలో మెడికల్ కాలేజీ ఉంది, విజయనగరంలో 2023లో వచ్చింది, పిల్లలు చదువుతున్నారు, ఇంకా కేజీహెచ్ అనే ఎందుకంటున్నాం అని ఆ పట్టిక చేత్తో పట్టుకుని అడగొచ్చు. కానీ అందులో మామూలు కాన్పులు, హెర్నియాలు, విరిగిన చెయ్యి, డెంగ్యూ జ్వరం వరుసగా కనిపిస్తే అప్పుడు కథ వేరు. ఇవి జిల్లా ఆసుపత్రిలో రోజూ చేసేవే, చేసేవాళ్లే బయటికి పోతున్నారంటే ఆ వార్డులో ఏదో ఉంది. శుభ్రతా, మాట తీరా, రాత్రి డ్యూటీయా? ఆసుపత్రి అభివృద్ధి కమిటీ మీటింగులో టీ బిస్కెట్ల మధ్య దీన్ని పెట్టి సూపరింటెండెంట్ గారిని అడగాలి. పైగా ఈ పథకంలో సర్కారు ఆసుపత్రులూ ఉన్నాయి, అక్కడ చేయించుకుంటే ఆ డబ్బు మన ఆసుపత్రికే వస్తుంది, మామూలుగా ఆరోగ్యశ్రీ కేసుల్లో అయితే కొంత వైద్య బృందానికి ప్రోత్సాహకంగా కూడా ఇస్తారు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం చూడండి. అక్కడ కిడ్నీ జబ్బు టీచర్ని వదల్లేదు, జీడితోట కూలీని వదల్లేదు. వారంలో రెండు మూడుసార్లు డయాలసిస్‌కి పోవాలంటే ఎంత కార్డున్నా ప్రతిసారీ విశాఖ పోలేరు, దగ్గర్లో ఉన్న కేంద్రంలో పక్కపక్క మంచాల మీద పడుకోవాల్సిందే. కవిటి, సోంపేట, కంచిలి నుంచి ఏళ్ల తరబడి కొట్లాడితే, పత్రికలు రాస్తే, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అక్కడ డాక్టర్లు చాలారా అన్నది ఇంకో ఉత్తరానికి సరిపడే విషయం. నేను చెప్పేది, జబ్బుపడ్డవాళ్లు గట్టిగా మాట్లాడగలిగినప్పుడు భవనమైనా వచ్చింది. మా సిబ్బంది మాత్రం జబ్బుపడితే మాట్లాడకుండా కార్డు పట్టుకుని రైలెక్కేస్తారు, ఏం చూసి పోయారో ఎవరికీ చెప్పరు.

సంఘాల నాయకులు ఇది మా మీద నిఘా అంటారు, తెలుసు. పేరు లేని లెక్కలో నిఘా ఏముంది? అధికారులు కుదరదంటారు, అదీ తెలుసు. 1996లో సుప్రీంకోర్టు బెంగాల్ కేసులో చెప్పింది గుర్తు చేయాలి. రైలు నుంచి పడి తలకి దెబ్బ తగిలిన కూలీని కలకత్తాలో ఒక సర్కారు ఆసుపత్రి నుంచి ఇంకో సర్కారు ఆసుపత్రికి తిప్పి, మంచం లేదని, సదుపాయం లేదని పంపేస్తే చివరికి ప్రైవేటులో 17 వేలు పెట్టుకుని బతికాడు. కోర్టు అతనికి 25 వేలు పరిహారం ఇప్పించి, డబ్బు లేదన్న సాకుతో అత్యవసర వైద్యం ఎగ్గొట్టడానికి ప్రభుత్వానికి వీల్లేదంది. ఏది లేదో ముందు తెలియాలి కదా, తెలుసుకోవడానికి మా శాఖ దగ్గర ఇంత మంచి లెక్క పడి ఉంది.

నేను ఈ నెలలోనే సమాచార హక్కు చట్టం కింద ట్రస్టుకి పది రూపాయల దరఖాస్తు పెడుతున్నాను, మన మూడు జిల్లాల వైద్య శాఖ సిబ్బంది క్లెయిములు జబ్బుల వారీగా ఇవ్వమని, కార్డు చూపించినా చేర్చుకోలేదని ఏయే ఆసుపత్రుల మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో కూడా. ఒక ముసలి ఫార్మసిస్టు అడిగితే ఏదో ఒక సెక్షన్ చూపించి తిప్పి పంపొచ్చు. మీ జిల్లా ఎడిషన్ విలేకరులు కూడా అదే దరఖాస్తు పెడితే అంత తేలిగ్గా తిప్పి పంపలేరు. హెల్త్ కార్డులు రద్దు చేయమన్న ఆ పాఠకుడు కూడా ఒకటి పెట్టాలని నా కోరిక. జవాబు ఎవరికి ముందొచ్చినా మీకు పంపిద్దాం, వేస్తారా?

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా